లెక్కలు రాని కామందు

పట్నంలో గుడికి వెళ్ళేవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంది. బైబిలు నిండా పల్లెటూరే! చేట, కళ్ళం, కాడి, తిరగలి, గొర్రెల దొడ్డి. పాపం అయ్యగారు మైకు పట్టుకుని, చేట అంటే ఏమిటో, దాంతో పొల్లు ఎలా ఎగరేస్తారో పది నిమిషాలు చెప్పి, అసలు సంగతి రెండు నిమిషాల్లో తేల్చెయ్యవలసి వస్తోంది. ఆయన్ని అని లాభం లేదు. బియ్యం రాళ్ళు ఏరిన సంచుల్లో వస్తున్నాయి. పిండి ప్యాకెట్లలో వస్తోంది. ఇంక చేటతో పనేముంది? మొన్న మా మనవరాలు అటకమీంచి దింపిన చేటని చూసి, “భలే ఉంది నానమ్మా, హాల్లో గోడకి తగిలిద్దాం” అంది. తగిలించాం కూడాను. వచ్చినవాళ్ళంతా బాగుందంటున్నారు.

అలాగని, పల్లెటూరివాళ్ళకి బైబిలు ఇట్టే బోధపడిపోతుందని మటుకు అనుకోకండి. క్రైస్తవుల ఇళ్ళల్లో గోడ క్యాలెండర్లు మీరు చూసే ఉంటారు. పచ్చటి చేను, పైన తెల్ల పావురం, కింద ఒక వాక్యం. పల్లెలో భక్తి అంటే అంత చల్లగా, అంత తేలిగ్గా ఉంటుందనిపిస్తుంది. మా అమ్మమ్మ భక్తి అలాంటిది కాదు. వాక్యానికీ చేనుకీ ఎక్కడ పొత్తు కుదరలేదో, ఆవిడ బుర్ర సరిగ్గా అక్కడే పనిచేసేది.

అమ్మమ్మది తెనాలికి దిగువన ఒక పల్లె. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక, ఆ నేలంతా వరి మయమైపోయింది. అంతకు ముందే, 1842లో, అమెరికానుంచి హేయరు దొర గుంటూరు వచ్చి లూథరన్ మిషను మొదలుపెట్టాడు. కాలవ నీళ్ళు ఊరివాళ్ళ చేలకి వచ్చాయి, వాక్యం మా పేటకి వచ్చింది. పేటలో ఎవరికీ సెంటు భూమి లేదు. మగవాళ్ళు పాలేళ్ళు, ఆడవాళ్ళు నాట్లకీ కలుపుకీ కోతలకీ కూలీలు. మా అమ్మ మిషను బడిలో చదువుకుని టీచరమ్మ అయింది గనక నేను పట్నంలో పెరిగాను. దసరా సెలవులకీ, క్రిస్మసు సెలవులకీ అమ్మమ్మ దగ్గరికి వెళ్ళేవాళ్ళం. నేను చెప్పేదంతా 1960ల నాటి మాట.

పేటలో ప్రార్థన రాత్రిపూట. పగలు ఎవరికి తీరిక? పూరిపాక గుడిలో లాంతరు పెట్టి, ఉపదేశిగారు ఒక ఘట్టం చదివి చెప్పేవారు. ఆడవాళ్ళు నీళ్ళలో నాని పుళ్ళు పడ్డ కాలివేళ్ళకి ఆముదం రాసుకుంటూ వినేవాళ్ళు. అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు. పొగాకు నమిలేది. నోరు కూడా అంత మంచిది కాదు. కాని విన్నది మరిచిపోయేది కాదు, అర్థం కానిది ఊరుకునేదీ కాదు.

ఒక రాత్రి ఉపదేశిగారు విత్తనాలు చల్లేవాడి కథ చెప్పారు. కొన్ని గింజలు దారి పక్కన పడ్డాయి, కొన్ని రాతినేలన పడ్డాయి, కొన్ని ముళ్ళ పొదల్లో పడ్డాయి, కొన్నే మంచి నేలలో పడి 30 రెట్లు, 60 రెట్లు, 100 రెట్లు ఫలించాయి. ఆడవాళ్ళంతా ముసిముసిగా నవ్వడం మొదలెట్టారు. విత్తనమంటే సామాన్యమా! విడిగా దాచి, నానబోసి, మండె కట్టి, మొలక వచ్చాక దమ్ముచేసిన నారుమడిలో చల్లుతారు. చల్లేవాడి చేతిలోంచి గుప్పెడు గింజలు గట్టుమీద పడితే కామందు ఊరుకుంటాడా?

“పంతులుగారూ, నాలుగు చోట్ల చల్లితే మూడు చోట్ల పారబోసుకున్నాడు. ఆయనేం రైతండీ?” అని అడిగేసింది అమ్మమ్మ.

ఉపదేశిగారు ఓపికగా, ఆ నేలలంటే మనుషుల మనసులని విడమరిచి చెప్పారు. అమ్మమ్మ ఇంటికొచ్చి మంచంమీద పడుకున్నాక, చీకట్లో ఉన్నట్టుండి అంది: “అది కాదే పిల్లా. మన పేటని చూసి ఎవడన్నా గింజ చల్లుతాడా? ఇది రాళ్ళనేలలే అనుకుని పక్కనుంచే పోతాడు. ఈయన లెక్క చూసుకోకుండా చల్లాడు. గట్టుమీద కూడా పడేట్టు చల్లాడు గనకనే మనదాకా వచ్చింది.”

నాకప్పుడు పదేళ్ళో పదకొండేళ్ళో. ఊళ్ళో బావి దగ్గర మా అమ్మమ్మ బిందెతో దూరంగా నిలబడి, ఎవరైనా చేది పోసేదాకా కాసుకునేదని నాకు తెలుసు. ఆ గట్టు ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకపోయింది.

ఇంకోసారి ద్రాక్షతోట కూలీల కథ వచ్చింది. యజమాని తెల్లవారి కొందర్ని పనిలో పెట్టుకున్నాడు. పొద్దెక్కాక కొందర్ని, మధ్యాహ్నం కొందర్ని, ఇంకో గంటలో పొద్దుగూకుతుందనగా మరికొందర్ని పిలిచాడు. చివరికి అందరికీ ఒకటే కూలి ఇచ్చాడు. ఆ రాత్రి గుడిసె దద్దరిల్లిపోయింది. “అన్యాయం పంతులుగారూ!” అని నడుం వంచి నాట్లేసి వచ్చిన ఆడవాళ్ళంతా ఒక్కసారి లేచారు.

వాళ్ళ కోపం వాళ్ళది. కూలి గింజల్లో ముట్టేది. సోల, తవ్వ, మానిక, ఇవి కొలిచేటప్పుడు కామందు చేతివంక అందరూ రెప్ప వెయ్యకుండా చూసేవాళ్ళు. అదే మానిక, అవే గింజలు. నింపాదిగా పోస్తే ఒక లెక్క, నొక్కి పోస్తే ఒక లెక్క, పైన రాశిలా నిలబెట్టి పోస్తే ఇంకో లెక్క. అరచేయి అడ్డం పెట్టి కొలిచే మహానుభావులు ఉండేవాళ్ళు. అటువంటి చోట బతికేవాళ్ళకి, గంట పనికి రోజు కూలి ఇచ్చాడంటే ఎలా మింగుడుపడుతుంది?

అమ్మమ్మ మాత్రం వేరే ప్రశ్న వేసింది. “ఆ పొద్దుగూకి వచ్చినోళ్ళు పొద్దున్నించీ ఏం చేస్తన్నారంట?”

ఉపదేశిగారు పుస్తకం మళ్ళీ చూసి, “ఎవరూ పిలవలేదన్నారమ్మా, అందుకని ఊరికే నిలబడ్డారట” అన్నారు.

అమ్మమ్మ ఇంక మాట్లాడలేదు. ఎవరూ పిలవనివాళ్ళెవరో ఆవిడకి బాగా తెలుసు. తెల్లవారుజామున ముఠా కట్టేటప్పుడు గట్టి ఒళ్ళున్నవాళ్ళని ముందు ఏరుకుంటారు. నెలలు నిండినదీ, చూపు ఆననిదీ, చంకలో బిడ్డ ఉన్నదీ మిగిలిపోతారు. నాట్లు గుత్తకి తీసుకున్నప్పుడు వచ్చిన గింజలు అందరూ సమంగా పంచుకోవాలి గనక, చేతకానిదాన్ని ఒకదాన్ని కలుపుకుంటే అందరి వాటా తగ్గుతుంది. మా అమ్మమ్మ ముఠాకి పెద్ద. అక్కడినుంచి ఆవిడ ముఠాలో ఒక చూపు ఆనని ముసలమ్మ ఎప్పుడూ ఉండేది. తక్కినవాళ్ళు సణిగితే, “పని చెయ్యని రోజున దాని కడుపు నిండుంటదా? ఆకలి పొద్దున్నించే ఉంటదే!” అనేది. సణుగుడు ఆగలేదు. ముసలమ్మా మానలేదు.

అసలు చెప్పదలుచుకున్నది ఊద సంగతి.

గోధుమల్లో ఎవడో పగవాడు రాత్రివేళ గురుగులు చల్లిపోయిన కథ ఉంది. పనివాళ్ళు పీకేస్తామంటే, వాటితోబాటు గోధుమలు కూడా పెళ్ళగిస్తారేమో, కోతదాకా ఉండనివ్వమంటాడు యజమాని. మా తెలుగు బైబిల్లో ‘గురుగులు’ అనే మాటే ఉంది. గురుగంటే మెట్టచేలల్లో మొలిచే ఆకు. లేతగా ఉంటే కోసుకొచ్చి పప్పులో వేసుకుంటారు. “గురుగైతే గుడ్డిదానికన్నా తెలుస్తది. దానికి కోతదాకా ఆగటమెందుకు? అది ఊద అయ్యుంటది పంతులుగారూ” అంది అమ్మమ్మ. చాలా ఏళ్ళ తరవాత నేనొక పుస్తకంలో చదివాను. ఆ దేశంలో గోధుమ చేలల్లో మొలిచే ఒక కలుపు, వెన్ను పడేదాకా అచ్చం గోధుమలాగే ఉంటుందట. అక్షరం రాని అమ్మమ్మకి చేతివేళ్ళే చెప్పాయి.

ఊద అంటే వరిచేలో వరిలాగే పెరిగే గడ్డి. నారుమడిలోనే మొలుస్తుంది, నారుతోబాటు మనచేతనే నాటించుకుంటుంది. ఆరితేరినవాళ్ళు ఆకు కాడని కలిసేచోట చూస్తారు. వరికి అక్కడ సన్నటి పొరా, నూగులాంటి చెవులూ ఉంటాయి. ఊదకి నున్నగా ఉంటుంది. పొద్దస్తమానూ వంగి ఒక్కొక్క దుబ్బూ అలా చూడాలి. దుబ్బు చేశాక పీకితే వరి వేళ్ళు కూడా ఊడొస్తాయి. సరే, వదిలేద్దామా అంటే, వరి కోతకి రాకముందే ఊద పండి గింజలు రాల్చేస్తుంది. వచ్చే ఏడు చేనంతా అదే.

అందుకే అమ్మమ్మకి ఈ కథ బొత్తిగా నచ్చలేదు. “కోతదాకా వదిలేస్తే ఆ ఆసామి మునిగిపోయాడన్నమాటే” అని చాలాకాలం తప్పుపట్టేది.

మా చిన్నమామయ్య తాగుబోతు. ఒక ఏడు కోతపండగకి పేటవాళ్ళంతా కూలి గింజల్లోంచి గుప్పెడు గుప్పెడు తీసి గుడిలో పోగుచేసిన వడ్లు అమ్మేసి తాగాడు. మూడు బస్తాలు. ఎవరి కడుపు మాడ్చుకుని ఎవరు ఇచ్చారో ఆ వడ్లు! సంఘపెద్దలు కూర్చున్నారు. పేరు పట్టికలోంచి కొట్టెయ్యాలనీ, గుడి గడప తొక్కనివ్వకూడదనీ అన్నారు. వాళ్ళు అన్నదాంట్లో తప్పులేదు. అప్పుడు క్రిస్మసు సెలవులు, నేను అక్కడే ఉన్నాను. అమ్మమ్మ లేచి, కొడుకుని వెనకేసుకొస్తుందేమో అని అందరూ చూస్తుండగా, ఇంతే అంది:

“వాడు దొంగే. కాదంటే నా నోరు పడిపోద్ది. ముప్పై ఏళ్ళుగా ఊద పీకుతున్నాను, నాకు చెయ్యి పెడితే తెలుస్తది. వీడు ఊదో వరో మటుకు కన్నదాన్ని, నాకే ఇంకా తెలవలా. మీకు తెలిస్తే పీకండి. నష్టం మటుకు నా లెక్కలో రాయండి.”

పెద్దలు చాలాసేపు మాట్లాడుకుని, పేరు ఉంచారు. నష్టం అమ్మమ్మే కట్టింది. రెండేళ్ళు కోతలయ్యాక చేలల్లో పరిగె ఏరింది. రాలిన వెన్నులు ఒక్కొక్కటి ఏరి, ఒళ్ళో వేసుకుని, ఇంటికి తెచ్చి దులిపి, చెరిగి, మూడు బస్తాలూ గుడికి కొలిచింది. మానికమీద రాశి నిలబెట్టి మరీ కొలిచింది. అప్పటినుంచి ఆ ఊద కథని తప్పుపట్టడం మానేసింది. “ఆయనకి యవసాయం తెలవక కాదే. మునిగితే నేను మునుగుతాలే, ఒక్క కంకీ పోగూడదనుకున్నాడు” అంది నాతో.

చిన్నమామయ్య మారిపోయాడని రాస్తే మీకు సంతోషంగా ఉంటుంది. మారలేదు. తాగుతూనే ఉన్నాడు. కాని 1981లో అమ్మమ్మకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు మంచాన పడితే, ఎత్తి కూర్చోబెట్టిందీ, ఒళ్ళు తుడిచిందీ, పక్కబట్టలు ఉతికిందీ ఆయనే. మా అమ్మ సెలవు దొరికినప్పుడు వెళ్ళేది. పెద్దమామయ్య డబ్బు పంపేవాడు. కొన్ని సాయంత్రాలు తూలుతూ వచ్చేవాడట. అయినా గంజి పట్టడం ఒక్కపూట మరవలేదు. అమ్మ ఒకసారి ఉండబట్టలేక, “ఇంతకీ నీ చిన్నకొడుకు ఊదా, వరా?” అని అడిగితే, అమ్మమ్మ వంకరపోయిన మూతితోనే, “ఇంకా వెన్ను పడలా” అందట.

ఇప్పుడు ఆ చేలల్లో కలుపుమందులు చల్లుతున్నారు, యంత్రాలతో కోస్తున్నారు. పరిగె ఏరేవాళ్ళు కనిపించడం తక్కువ. అమ్మమ్మ పడ్డ కష్టం ఇంకొకరు పడాలని నేను కోరను. నడుం వంగిపోయే ఆ పనిలో క్యాలెండరు బొమ్మల అందం ఏమీ లేదు. కాని ఆ పని చేసిన చేతులకి గనకే, ఆ కథల్లో యజమాని ఎంత నష్టానికి ఒప్పుకున్నాడో తెలిసింది. మనం నీతి విని తల ఊపేస్తాం. వాళ్ళకి ధర కూడా తెలుసు.

మనకి, ఆడవాళ్ళకి, లెక్కలు బాగా వచ్చు. రాకపోతే సంసారాలు గడవవు. పాలు ఎన్ని పోశాడు, చాకలికి ఎన్ని బట్టలు వేశాం, సరే. ఏ పెళ్ళికి ఎవరు ఎంతలో చీర పెట్టారు, జబ్బు చేసినప్పుడు ఏ తోడికోడలు తొంగి చూడలేదు, ఏ మరిది ఏ ఏడు ఏ మాటన్నాడు, ఇవీ మన పద్దుల్లోనే ఉంటాయి. నా దగ్గరా ఒక పెద్ద పద్దు ఉంది. ఎవరి పేరు కొట్టెయ్యాలో కూడా నాకు చాలాసార్లు ఖాయంగా తెలిసిపోతూ ఉంటుంది. అలాంటప్పుడు గోడమీది చేటకేసి చూస్తాను. చెరగడం మన వంతు రాలేదు, ఇంకా చేను కోతకే రాలేదు అనుకుంటాను. అన్నిసార్లూ మనసు ఒప్పుకోదు. ఒప్పుకున్న రోజున మటుకు, ఫోను తీసి ఎవరినో ఒకరిని “ఎలా ఉన్నావ్?” అని పలకరిస్తాను.

లెక్కలు వచ్చిన కామందులు ఏ ఊళ్ళో చూసినా ఉంటారు. “ఆ లెక్కలు రాని కామందు దగ్గరైతే కూలి అడక్కుండానే పనికి పోతాను” అనేది మా అమ్మమ్మ.