తన్ను కంటే ముందు వచ్చేది

శనివారం పొద్దున్నే గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని షూటింగ్ రేంజిలో మొదటి తూటా పేలగానే పొదల్లోంచి నెమళ్లు కేక పెడతాయి. ఆ కేకతోనే నాకు పని మొదలు. ఆ వేళకు వచ్చేవాళ్లలో సగానికి పైగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులే. రాత్రి షిఫ్టు దిగి, మెడలో ఐడీ కార్డు తీయకుండా నానక్‌రామ్‌గూడ నుంచి నేరుగా వచ్చేవాళ్లూ ఉన్నారు. గాల్లోకి లేచే చిన్న పళ్లేన్ని పన్నెండు బోర్ తుపాకీతో పగలగొట్టడం వాళ్లకు నేర్పుతాను. దాన్ని మేం క్లే అంటాం. 11 సెంటీమీటర్ల వెడల్పు, 105 గ్రాముల బరువు. దాన్ని కొట్టడం కష్టమే. కానీ నా ఇరవై ఏళ్ల పనిలో ఎక్కువ భాగం దాని మీద పోలేదు, తుపాకీ వెనక్కి తన్నే తన్ను మీద పోయింది.

ఒకాయన వచ్చిన రోజే టీషర్టు మెడ పక్కకు లాగి భుజం చూపించాడు. వంకాయ రంగులో కమిలిపోయి ఉంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో టెస్టింగ్ లీడ్. వేరే ఊళ్లో ఎవరో తెలిసినవాళ్లు ఆయన చేతికి తేలికపాటి తుపాకీ ఇచ్చి, బరువైన వేట తూటాలు వేసి పాతిక రౌండ్లు కాల్పించారట. "అలవాటైతే నొప్పి పోతుందన్నారు సర్" అన్నాడు.

నొప్పి పోతుంది, నిజమే. నాలుగు రోజుల్లో కమిలింది తగ్గుతుంది. నేను భయపడేది దాని గురించి కాదు. ఆయన చేతికి మా రేంజి తుపాకీ ఇచ్చి, అయిదు తూటాలు నేనే ఒక్కొక్కటిగా లోపల పెట్టాను. మూడోది డమ్మీ. ఆయనకు చెప్పలేదు. మూడోసారి ట్రిగ్గర్ నొక్కగానే టిక్కుమని చిన్న చప్పుడు. పేలలేదు, తన్నలేదు. కానీ తుపాకీ మూతి జానెడు కిందికి దిగింది, కళ్లు గట్టిగా మూసుకుపోయాయి, భుజం ముందుకు పొడిచింది. అక్కడ నిలబడ్డవాళ్లంతా చూశారు. ఆయనా చూసుకున్నాడు. కాసేపు మాట్లాడలేదు.

దాన్ని ఆటలో ఫ్లించ్ అంటారు. నేను మాత్రం బెదురు అంటాను. తన్ను పడ్డాక వచ్చేది నొప్పి. తన్ను పడకముందే వచ్చేది బెదురు. తూటా ఏ క్షణాన పేలుతుందో ఒళ్లు పది తూటాల్లోనే నేర్చేసుకుంటుంది. ఆ క్షణానికి రెప్పపాటు ముందు కాచుకోవడం మొదలుపెడుతుంది. నిజం తూటా పేలినప్పుడు తుపాకీ ఎలాగూ ఎగురుతుంది కాబట్టి ఈ కదలిక ఎవరికీ కనిపించదు. గురి తప్పుతుంది, కారణం తెలియదు. గాలి అనుకుంటాడు, తుపాకీ బాగాలేదనుకుంటాడు, కళ్ల డాక్టర్ దగ్గరికి కూడా వెళతాడు. సగం బెదురు చెవుల్లోంచి వస్తుందని నా అనుభవం. అందుకే చెవిలో ప్లగ్గు పెట్టి, దాని మీద మఫ్ కూడా వేయించకుండా ఎవరికీ తుపాకీ ఇవ్వను.

ఈ బెదురు నన్ను ఆటలోంచి పంపేసింది. క్లేలను కాల్చే ఈ ఆటను ట్రాప్ అంటారు. నా కుర్రతనంలో దాని పెద్దలంతా 32 గ్రాముల ఛర్రా, అంటే సీసపు గింజలు, ఉన్న తూటాలకు అలవాటుపడ్డవాళ్లు. అంతర్జాతీయ పోటీల్లో దాన్ని 28కి, 1990ల మొదట్లో 24 గ్రాములకు దించారు. మా సీనియర్లకు అది నచ్చలేదు. ఛర్రా తగ్గితే క్లే పగలదనీ, ఇది ఆడపిల్లల తూటా అనీ అనేవారు. నేనూ ఆ మాటలు విని, ప్రాక్టీసులో పాత బరువైన తూటాలే కాల్చేవాణ్ని. రెండేళ్లలో నా స్కోరు పడిపోయింది. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఒక రిటైర్డ్ సైనిక ఆర్మరర్, మేమంతా సాబ్ అని పిలిచే పెద్దాయన, ఒకరోజు నా తుపాకీలో డమ్మీ పెట్టాడు. అప్పటికి ఆలస్యమైపోయింది. బెదురు ఒకసారి లోపలికి దిగితే తీయడానికి పట్టే కాలం, దిగడానికి పట్టిన కాలానికి ఎన్నో రెట్లు. నేను పోటీలు మానేసి ఆయన దగ్గర పనిలో చేరాను. మా సీనియర్ల మాట తప్పని తర్వాత తెలిసింది. 24 గ్రాముల తూటాలో మూడు వందల దాకా గింజలుంటాయి. క్లే పగలడానికి అందులో నాలుగైదు తగిలితే చాలు. తూటా తేలికైనా ప్రపంచంలో స్కోర్లు పడిపోలేదు.

దీని వెనకున్న లెక్క నాకు చెప్పింది నా శిష్యుడే. నేను ఇంటర్‌తో ఆపేసినవాణ్ని. ఆ టెస్టింగ్ లీడ్ రెండో వారం ల్యాప్‌టాప్ తెచ్చి బెంచీ మీద పెట్టి ఎక్సెల్ షీటు తెరిచాడు. ఛర్రా సెకనుకు 400 మీటర్ల వేగంతో ముందుకు పోతే, ఆ తోపుకు సరిపడా తుపాకీ వెనక్కి రావాలి. 24 గ్రాములతో, మూడున్నర కిలోలు దాటిన తుపాకీ సెకనుకు సుమారు మూడు మీటర్ల వేగంతో భుజం మీదికి వస్తుంది. "సర్, ఛర్రా బరువు నాలుగో వంతే తగ్గింది. కానీ తన్నే శక్తి దాదాపు నలభై శాతం తగ్గింది చూడండి. శక్తి వేగం వర్గంతో పాటు పెరుగుతుంది కదా" అన్నాడు. సాబ్ ఇదే విషయాన్ని, తూటా బరువు కొంచెం తగ్గించు, భుజానికి పెద్దగా తగ్గుతుంది అని చెప్పేవాడు. ఆయన చెప్పింది సరైనదని ఇన్నేళ్ల తర్వాత ఎక్సెల్‌లో చూసి నాకు కళ్లు చెమర్చాయి.

ఆ మధ్య కొండాపూర్ నుంచి ఒకావిడ వచ్చింది, ప్రాడక్ట్ మేనేజర్. తాతగారి రైఫిల్ వారసత్వంగా ఆమె పేరు మీదికి మారింది. ఫోన్‌లో ఫోటో చూపించింది. .375 హాలండ్ అండ్ హాలండ్. 1912లో ఇంగ్లండ్‌లో పుట్టిన తూటా అది. ఆదిలాబాద్ అడవుల్లో తాతగారి శికారు కథలు వింటూ పెరిగిందట.

"ఒక్కసారి కాల్చి చూడాలనుంది సర్. ఒక్కటే."

"ఇంతకుముందు ఏ తుపాకీ అయినా పట్టుకున్నారా అమ్మా?"

"లేదు సర్."

ఆ రైఫిల్ దాదాపు 19 గ్రాముల బుల్లెట్‌ను సెకనుకు 770 మీటర్ల వేగంతో పంపుతుంది. దాని తన్ను మా 24 గ్రాముల తూటా కంటే ఎంతో ఎక్కువ. 1956లో వచ్చిన .458 వించెస్టర్ అయితే ఇంకా ఎక్కువ. ఏనుగు, అడవిదున్న కోసం చేసిన సరంజామా అది. అందుకే పాత డబుల్ రైఫిళ్లు అయిదు కిలోల దాకా తూగుతాయి. ఆ బరువు చేతికి భారం, భుజానికి రక్ష. ఇలాంటి రైఫిళ్ల చరిత్రలో మన దేశానికీ ఒక వాటా ఉంది. 1907లో బ్రిటిష్ ప్రభుత్వం ఇండియాలోకి .450 తూటాలు రానివ్వకుండా ఆపింది. తిరుగుబాటుదారులు అవే తూటాలను పాత మార్టినీ హెన్రీ తుపాకుల్లో వాడతారని భయం. దాంతో లండన్ తుపాకీ కంపెనీలు .465, .470 అంటూ కొత్త కొలతలు తీశాయి. ఇక్కడి నవాబులు, జమీందార్ల ఇళ్లకు చేరిన వాటిలో ఇలాంటివీ ఉన్నాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట పోయింది. ఆ చట్టం రావడం మంచిదే అయింది. రైఫిళ్లు మాత్రం బీరువాల్లో మిగిలాయి. ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి, అయ్యాక తెచ్చుకునే వస్తువులయ్యాయి.

ఆవిడ చదువుకుని వచ్చింది. విదేశాల్లో ఇలాంటి పెద్ద రైఫిళ్లకు ఇంట్లోనే తేలిక తూటాలు తయారు చేసుకుంటారట, మనమూ చేయించుకోవచ్చా అని అడిగింది. మంచి ప్రశ్న. నాకు బాగా ఇష్టమైన విషయం కూడా. సాబ్ దీని గురించి గంటలు గంటలు చెప్పేవాడు.

తూటా అంటే నాలుగు ముక్కలు: ఇత్తడి గొట్టం, అడుగున క్యాప్, లోపల మందు, పైన బుల్లెట్. కాల్చాక ఇత్తడి గొట్టం మిగులుతుంది. అమెరికాలో, దక్షిణాఫ్రికాలో లక్షణంగా ఆ గొట్టాన్ని మళ్లీ సైజుకు తెచ్చి, కొత్త క్యాప్ పెట్టి, మందు తూచి పోసి, బుల్లెట్ బిగిస్తారు. తన్ను తగ్గాలంటే బుల్లెట్ బరువు తగ్గించాలి, వేగం తగ్గించాలి. మందు కూడా బరువేనన్నది చాలామందికి తట్టదు. .375లో నాలుగున్నర గ్రాముల పైన మందు పడుతుంది. అది కాలి గ్యాస్ అయి బుల్లెట్ కంటే వేగంగా మూతిలోంచి తోసుకొస్తుంది. ఆ తోపు కూడా భుజం మీదే పడుతుంది. కాబట్టి మెత్తని సీసపు బుల్లెట్, తక్కువ మందుతో చేస్తే ఏనుగు రైఫిల్ కూడా చిన్నపాటి జింక రైఫిల్ లాగా నెమ్మదిస్తుంది.

ఇక్కడే ప్రమాదం పొంచి ఉంటుంది. తక్కువ మందు అంటే తక్కువ ప్రమాదం అని ఎవరైనా అనుకుంటారు. పెద్ద గొట్టంలో కొంచెం మందు ఉంటే అది పక్కకు ఒరిగి పడుకుంటుంది. క్యాప్ మంట దానికి అందీ అందక ఆలస్యంగా అంటుకోవచ్చు. నెమ్మదిగా కాలే రకం మందును తయారీదారు చెప్పిన కనిష్ఠం కంటే కిందికి దించితే, ఒత్తిడి తగ్గడానికి బదులు ఒక్కసారిగా పెరిగి తుపాకీ పగిలిన సందర్భాలున్నాయి. అందుకే లోడింగ్ పుస్తకాలు గరిష్ఠంతో పాటు కనిష్ఠం కూడా అచ్చువేస్తాయి. ఇంకొకటి, మందు మరీ తక్కువైతే బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. చప్పుడు చిన్నగా వస్తుంది. అది గమనించకుండా రెండోది కాలిస్తే బ్యారెల్ చీలుతుంది. సాబ్ చేతికి ఒక వేలు సగమే ఉండేది. ఎలా పోయిందో ఆయన ఎన్నడూ చెప్పలేదు, తేలిక తూటా గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆ చేతిని బల్ల మీద పెట్టుకునేవాడు.

మన దగ్గర ఆ తలుపు మామూలు మనిషికి తెరిచి లేదు. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 5 ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. అపార్ట్‌మెంట్ బాల్కనీలో ప్రెస్సు బిగించుకుని చేసే పని కాదు. ఇది ఆమెకు సూటిగా చెప్పాను. తెలివైన పిల్లలు ఆన్‌లైన్‌లో వీడియోలు చూసి వచ్చి అడుగుతుంటారు, వాళ్లకూ ఇంతే సూటిగా చెబుతాను. ఈ ఒక్క విషయంలో నాకు మొహమాటం లేదు.

మరి తూటా మార్చకుండా తన్ను ఎలా తగ్గించాలి? మాకు దొరికిన దారి కొలత. దీని మీదే నా చేతులు బాగా అరిగాయి. రేంజికి వచ్చే తుపాకులు ఎక్కువగా ఇటలీలో పొడవాటి మగవాళ్ల కొలతకు చేసినవి. ట్రిగ్గర్ నుంచి, భుజానికి ఆనే కర్ర భాగమైన బట్టు చివర దాకా 37 సెంటీమీటర్ల పైచిలుకు. అయిదడుగుల రెండంగుళాల అమ్మాయి దాన్ని పడితే బట్టు భుజం గుంటలో కూర్చోదు, చేతి కండ మీదికి జారుతుంది. చెంప ఆనే చోటు ఎత్తుగా ఉంటే దవడ మీద గుద్దు. అదే తూటా, అదే తుపాకీ, బట్టు రెండు సెంటీమీటర్లు పొట్టి చేసి అడుగున మెత్తని రబ్బరు ప్యాడ్ వేస్తే సగం ఫిర్యాదు పోతుంది. వాల్‌నట్ కర్రను రంపంతో కోసే ముందు ఇప్పటికీ నాకు చెయ్యి ఆడదు. కోసింది తిరిగి అతకదు. అందుకే ముందు అట్టముక్కలు, టేపుతో వారం పాటు సరిచూస్తాను. డిసెంబరులో స్వెటర్ వేసుకొచ్చినవాళ్ల కొలత ఏప్రిల్‌లో పనికిరాదు, అదీ చూసుకోవాలి. బట్టు లోపల సీసం పోసి బరువు పెంచడం ఇంకో ఉపాయం. ట్రాప్‌కు బాగుంటుంది. స్కీట్ అనే ఇంకో క్లే పోటీలో తుపాకీ చురుగ్గా తిరగాలి కాబట్టి అక్కడ పెంచను.

కొందరికి ఇదంతా సుకుమారంగా అనిపిస్తుంది. వాళ్లకు నేను మన హైదరాబాద్ అబ్బాయి కైనన్ చెనాయ్‌ని చూపిస్తాను. 2023 అక్టోబరు 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన ట్రాప్ జట్టు స్వర్ణం కొట్టింది. కైనన్, జొరావర్ సింగ్ సంధు, పృథ్వీరాజ్ తొండైమాన్ ముగ్గురూ కలిసి 361 క్లేలు పగలగొట్టారు, ఆసియా క్రీడల రికార్డు. కైనన్ ఒక్కడివే 125కి 122. వ్యక్తిగత కాంస్యం కూడా తెచ్చాడు. క్వాలిఫికేషన్‌లో ఒక్కో క్లేకి రెండు తూటాల దాకా కాల్చవచ్చు. అంటే ఒక పోటీలో తన్నులు 125 దాటుతాయి, దాని వెనక ఏళ్ల తరబడి ప్రాక్టీసులో పడ్డవి వేలు. భుజం గట్టిదైనంత మాత్రాన చివరి క్లే దగ్గర కన్ను తెరిచి ఉండదు. మొదటి రోజు నుంచి తన్నును కొలిచి, తగ్గించి, ఒంటికి అలవాటు చేసినవాళ్లకే ఆ కన్ను మిగులుతుంది.

కొండాపూర్ ఆవిడ రైఫిల్ లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరే ఉంది. ఇప్పుడు ఆమె వారానికి రెండుసార్లు వచ్చి ట్రాప్ ఆడుతుంది, 25కి 17 దాకా కొడుతోంది. తాత రైఫిల్ మాట ఈ మధ్య ఎత్తలేదు.

టెస్టింగ్ లీడ్‌కి పది వారాలు పట్టింది. ఆ మొదటి రోజు పరీక్ష తర్వాత మూడు వారాలు పన్నెండు బోర్‌లో నిజం తూటాయే ఇవ్వలేదు. వారం పది రోజులు డమ్మీలే, తర్వాత పాయింట్ టూ టూ రైఫిల్, ఆ తర్వాతే పన్నెండు బోర్, అదీ కొట్లో దొరికిన వాటిలోకెల్లా తేలిక తూటాలు. మధ్యలో రెండుసార్లు మానేస్తానన్నాడు. మొన్న ఆదివారం ఆయన తుపాకీలో నేను మళ్లీ డమ్మీ పెట్టాను, చెప్పకుండా. "పుల్" అన్నాడు. క్లే ట్రెంచ్‌లోంచి ఎడమకు లేచింది. తుపాకీ దాని వెంట నున్నగా తిరిగింది. టిక్. మూతి ఆగలేదు, వంగలేదు, క్లే వెంటే ఇంకా జానెడు దూరం పోయింది. కళ్లు రెండూ తెరిచే ఉన్నాయి.

"సర్, ఇది పేలలేదు. తూటా చెడిపోయిందా?" అన్నాడు తుపాకీ విప్పుతూ.

క్లే దూరంగా గడ్డిలో ముక్క కాకుండా పడింది. సాయంత్రం పగలని వాటిని ఏరేటప్పుడు దాన్ని వెతికి తెచ్చి, సాబ్ ఫోటో ఉన్న అలమారాలో పెట్టాను.