తెల్లావు బావి నీళ్లు

సారా బట్టీ చూడటానికి పడవెక్కి పోయానంటే మా గూడెంలో ఇప్పటికీ నవ్వుతారు. మా అన్న కూతురు గ్లాస్గోలో నర్సు. వేసవి సెలవులకు పిలిపించుకుని, "నీకు కొండలంటే ఇష్టం కదత్తా" అంటూ స్కై దీవికి తీసుకెళ్లింది. అక్కడి నుంచి పడవలో 25 నిమిషాలు పోతే రాసే అనే చిన్న దీవి. మొత్తం కలిపినా రెండు వందల మంది ఉండరు. అక్కడ 2017లో ఒక విస్కీ బట్టీ పెట్టారు.

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మర పట్టి, వేడినీళ్లు పోసి తీపినీళ్లు తీస్తారు. అవి పులిశాక పెద్ద రాగి పాత్రల్లో రెండుసార్లు కాస్తారు. ఆవిరి పైకెక్కి, చల్లబడి, చుక్కలుగా దిగుతుంది. మా అమ్మ కుండ మీద కుండ పెట్టి, పైన చన్నీళ్లు పోసి ఇప్పసారా తీసిన పద్ధతే ఇది. కాకపోతే వీళ్లు ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు దాచాలి. మన దగ్గర మూడు రోజులు దాచినా గొప్పే.

చుక్కలు దిగేచోట ఇత్తడి చట్రంతో ఒక అద్దాల పెట్టె ఉంది. ఇలాంటి పెట్టెలకు ఒకప్పుడు తాళం వేసి, చెవి పన్నుల అధికారి దగ్గరే ఉంచేవారట. ఈ దేశంలోనూ దొంగచాటుగా కాచుకున్నవాళ్లే ఎక్కువ. 1823 చట్టం పన్ను తగ్గించి, లైసెన్సు అందుబాటులోకి తెచ్చాక వాళ్లలో చాలామంది బయటికొచ్చారు. మా అమ్మ దగ్గరికి మాత్రం లైసెన్సు రాలేదు, లాఠీ వచ్చింది. నా చిన్నప్పుడు కుండలు పగలగొడుతుంటే అరుగు మీద నిలబడి చూశాను.

బట్టీకి నీళ్లిచ్చే బావికి గేలిక్ భాషలో 'తెల్లావు బావి' అని పేరు. ఆ పేరును వాళ్లు మార్చలేదు. ఊళ్లు మాత్రం పోయాయి. 1850ల్లో జార్జ్ రైనీ అనే భూస్వామి హాలేగ్ లాంటి పల్లెల్ని ఖాళీ చేయించి గొర్రెల్ని తోలాడు. చాలామంది ఓడలెక్కి ఆస్ట్రేలియా పోయారు. ఆ సంగతి వింటుంటే నాకు మన దేవీపట్నం ముంపు ఊళ్లు కళ్లముందు మెదిలాయి.

చివర్లో గ్లాసులో కొంచెం పోసిచ్చారు. నేను నాలుక తడుపుకున్నాను. పొగవాసన, ఘాటు. మేనకోడలు ముట్టుకోలేదు. వాళ్ల నాన్న ప్యాకెట్ సారాతోనే పోయాడు. ఇద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. తాగుడును పొగడటానికి ఇది రాయడం లేదని మీకు వేరే చెప్పక్కర్లేదు.

బడి తెరిచాక ఐదో తరగతి పిల్లలకు ఆవిరి పాఠం చెబుతూ ఆ రాగి పాత్ర బొమ్మ బోర్డు మీద గీశాను. వెనక బెంచీ పిల్లాడు లేచి, "వాళ్లు చేస్తే ఫ్యాక్టరీ, మా అమ్మ చేస్తే కేసెందుకు టీచర్?" అన్నాడు. ఇంతలో గంట కొట్టారు.

మర్నాడు పుస్తకం పక్కనపెట్టి 1879 రంప పితూరీ చెప్పాను. ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కూడా పడిన చిగురుపన్ను దగ్గర మొదలుపెట్టాను.