ఖూన్ కబ్ హోతా రే?

ఇంటర్ దాకా నాది ఉర్దూ మీడియం. తెలుగు జబాన్ నాకు బడిలో కాదు, కిరాయి నవలల్లో అబ్బింది. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక యండమూరి షౌక్ పట్టుకుంది.

అమ్మీకి తెలుగు చదవడం రాదు. ఇషా నమాజు అయ్యాక పాన్‌దాన్ ముందేసుకుని కూర్చునేది. నేను తెలుగులో చూసి దఖనీలో చెప్పేవాణ్ణి. 'తులసిదళం'లో చేతబడి వచ్చినప్పుడల్లా ఆయతుల్ కుర్సీ చదివి నా మీద దమ్ చేసి, "ఆగే బోల్" అనేది. 'అభిలాష'లో ఉరిశిక్ష తప్పని రుజువు చేయడానికి ఖూనీ కేసు తన మీదే వేసుకున్న లాయరుని "పాగల్ హై క్యా" అని తిట్టి, వాడి కోసమే దువా చేసింది.

ఒకరోజు 'విజయానికి ఐదు మెట్లు' తెచ్చాను. ఆయన పేరుంటే చాలు, లోపల చూసేవాణ్ణి కాదు. రెండు సఫాలయ్యాక అమ్మీ వక్క కత్తిరించడం ఆపింది.

"ఖూన్ కబ్ హోతా రే?"

"నహీ హోతా అమ్మీ. జిందగీలో కామ్‌యాబ్ ఎలా కావాలో చెప్తున్నారు."

"వో నసీహతాఁ తో తేరే అబ్బా ముఫ్త్ మే దేతే!"

నవ్వాను గానీ, దోస్తు ఉన్నట్టుండి మాస్టారైపోయినంత మాయూసీ. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, ఏం రాయాలన్నది ఆయన హక్. ఆ కితాబు చదివి హౌసలా తెచ్చుకున్న దోస్తులు నాకే ఉన్నారు. నా బాధ వేరు. మా మెహఫిల్ పోయింది.

వారం తర్వాత పాత నవల తెచ్చి, "ఇందులో ఖూన్ ఉంది, ఖసమ్ సే" అన్నాను. అమ్మీ నమ్మలేదు. అప్పటికే పక్కింట్లో టీవీ సీరియల్ మొదలైంది.