బండని పేల్చకుండా కట్టిన గది

‘ఎక్స్ మెషినా’లో అడవి మధ్య గాజు గోడల ఇల్లు గుర్తుందా? ఆ సినిమా కొంత భాగం తీసింది నార్వేలో, వాల్‌డాల్ దగ్గరున్న యూవెట్ హోటల్లో. ఆ ఏఐ సినిమా పిచ్చితోనే వెళ్లాను. తీరా వెళ్లాక గాజు కంటే గది కిందున్న రాయే ఎక్కువ నచ్చింది.

యెన్సెన్ అండ్ స్కోద్విన్ ఆర్కిటెక్ట్‌లు ఇక్కడ బండల్ని పేల్చలేదు, నేల చదును చేయలేదు. రాతిలోకి 40 మిల్లీమీటర్ల స్టీలు కడ్డీలు దించి, వాటిమీద చిన్న చిన్న చెక్క గదులు నిలబెట్టారు. ఏ గదిలోంచీ పక్క గది కనిపించదు. లోపలంతా ముదురు రంగే. గాజులో మన నీడ పడకూడదు, బయటి చెట్లూ బండలే కనిపించాలి. రేపు గదులు తీసేసినా కొండ దాదాపు ఎప్పటిలాగే ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే, క్లీన్ అన్‌ఇన్‌స్టాల్!

ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేశా. హైదరాబాద్ శివార్లలో మా ప్లాట్‌లో పెద్ద గ్రానైట్ గుండు ఉంది. ఆ రాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. కొట్టించడానికి మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చేశారు.

“గుండు మీద ఇల్లు కడతావేంట్రా?” అని నవ్వారు. ఫొటోలు పంపాను. కాసేపటికి మెసేజ్ వచ్చింది: “మేస్త్రీని ఓ వారం ఆగమన్నా. ఆ కడ్డీలకి ఎంతవుతుందో కనుక్కో.”