జుట్టు ఊడుతోందా? కాలెండరు చూడండి!

ఆడవాళ్ళు నా దగ్గరకు రకరకాల జబ్బులతో వస్తారు. కాని జబ్బును కాగితంలో పొట్లం కట్టి తెచ్చేవాళ్ళు మాత్రం జుట్టు ఊడేవాళ్ళే. "చూడండి డాక్టరుగారూ, ఇది ఒక్క రోజుది!" అంటూ పొట్లం విప్పి బల్లమీద పెడతారు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఆ పొట్లాలు చూసి లోలోపల నవ్వుకునేదాన్ని. ప్రాణంమీదికి వచ్చినవాళ్ళు బయట బెంచీమీద కూర్చుని ఉంటే ఈవిడకు జుట్టు గొడవేమిటి అనిపించేది. "బెంగ పెట్టుకోకండి, అదే తగ్గుతుంది" అని చెప్పి పంపేసేదాన్ని.

ఆ నవ్వుకు జవాబు నాకు కొన్నేళ్ళ తరవాత దొరికింది.

ఒక సంక్రాంతికి వారం ముందు మా అమ్మ పోయింది. అంతకుముందు నెలన్నర పక్షవాతంతో మంచంలో ఉంది. రాత్రిళ్ళు నేనే కనిపెట్టుకుని ఉన్నాను. నిద్ర లేదు, వేళకు తిండి లేదు. కర్మకాండ ముగిశాక మళ్ళీ ఆసుపత్రి పనిలో పడ్డాను. తేరుకున్నాననే అనుకున్నాను. ఉగాదినాడు తలంటు పోసుకుంటే గుప్పెడు జుట్టు చేతిలోకి వచ్చింది. మర్నాడూ అంతే. దిండుమీద, దువ్వెనలో, అన్నం కంచంలో, ఎక్కడ చూసినా నా వెంట్రుకలే.

"బోరునీళ్ళ మహిమ" అన్నారు మావారు. "దిష్టి తగిలింది" అంది మా అత్తగారు. వైద్యం చదువుకున్న నేను ఏంచేశానో చెబితే నవ్వుతారు. ఎవరికీ తెలియకుండా మూడు రకాల నూనెలు కొన్నాను! ఒకరోజు పాత పాఠ్యపుస్తకం తీసి చూసుకున్నాక గాని నా తెలివి నాకు తిరిగి రాలేదు.

మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ప్రతి వెంట్రుకా 2 నుంచి 6 ఏళ్ళపాటు పెరుగుతుంది, తరవాత రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆపుకుని, సుమారు మూడు నెలలు విశ్రాంతిగా ఉండి, ఆపైన రాలిపోతుంది. దాని చోట కొత్తది మొలుస్తుంది. అందువల్ల రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజమే. వారానికొకసారి తలంటుకునేవాళ్ళకు ఆ రోజున మరికొంచెం ఎక్కువగా కనబడతాయి.

అయితే శరీరానికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు, ఇంకా పెరగవలసిన వెంట్రుకలు కూడా చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతిలోకి పోతాయి. అప్పుడు పైకి ఏమీ కనబడదు. రెండు మూడు నెలలు గడిచాక అన్నీ కలిసి రాలతాయి. దీన్ని 'టెలోజెన్ ఎఫ్లూవియం' అంటారు. 1961లో అమెరికన్ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ ఈ పేరు పెట్టాడు. నా జుట్టు అమ్మ పోయిన రోజుల్లోనే మూటాముల్లె సర్దుకుంది; బండెక్కింది మాత్రం ఉగాదికి. బోరునీళ్ళకు ఏ పాపమూ తెలియదు.

కనుక జుట్టు రాలుతున్న సోదరీమణులు సీసా కొనేముందు కాలెండరు చూడాలి. మూడు నెలల కిందట ఏం జరిగింది? టైఫాయిడో, డెంగ్యూనో వచ్చిందా? ఆపరేషన్ జరిగిందా? లావు తగ్గాలని అన్నం మానేశారా? కాన్పు అయిందా? ఇంట్లో ఎవరైనా పోయారా? బిడ్డ తల్లి ముఖం చూసి నవ్వడం మొదలెడితే తల్లి జుట్టు రాలుతుందని మా అమ్మమ్మ అనేది. ఆవిడ లెక్క సరైనదే. గర్భిణిగా ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ హార్మోను ఎక్కువగా ఉండి వెంట్రుకలను రాలనివ్వదు. కాన్పుతో అది పడిపోతుంది. అప్పటిదాకా ఆగినవన్నీ, సుమారు మూడో నెలనుంచి రాలతాయి. బిడ్డ నవ్వే వేళ కూడా అదే! తప్పు పసివాడి నవ్వుది కాదు.

మనసులోని బెంగ కుదురుదాకా ఎలా చేరుతుంది? 2021లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎలుకలమీద చేసిన పరిశోధన 'నేచర్' పత్రికలో వచ్చింది. మూత్రపిండాలమీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు ఒత్తిడివేళ వదిలే హార్మోను, కుదుట్లోని మూలకణాలను మేలుకోనివ్వడం లేదని అందులో తేలింది. ఎలుకలో చూసినదంతా మనిషికి అతికించలేం గాని, బెంగకూ కుదురుకూ మధ్య దారి ఉందని అది చూపింది.

ఇంతవరకు చదివి, "అయితే అంతా బెంగేనన్నమాట" అనుకోకండి. ఆ తొందరపాటు వల్ల నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి.

ఒక పంతులమ్మ జుట్టు రాలుతోందని వచ్చింది. భర్తకు దూరపు బదిలీ, ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ మామగారు. కారణం కళ్ళెదుట ఉందనుకుని బెంగ తగ్గించుకోమన్నాను. ఏడాది తరవాత మళ్ళీ వచ్చింది. మనిషి ఒళ్ళు చేసింది, గొంతు బొంగురుపోయింది, మే నెలలో ఫ్యాను ఆపమంది. కనుబొమల బయటి చివరలు పలచబడ్డాయి. రక్తపరీక్ష చేయిస్తే థైరాయిడ్ గ్రంథి బాగా మందగించిందని తేలింది. పరగడుపున వేసుకునే చిన్న మాత్రతో కొన్ని నెలల్లో తేరుకుంది. ఆ ఏడాది మాత్రం నా మాటవల్ల ఆమెకు నష్టపోయింది. "బద్ధకమని ఇంట్లో అంటుంటే నేనూ అదే అనుకున్నానండీ" అంది. ఆ మాట నేను మరచిపోలేదు. బెంగ అనేది వైద్యుడు చివర అనవలసిన మాట, మొదట కాదు.

ఇంకొక తల్లి, కూతుర్ని తీసుకొచ్చింది. పెళ్ళిచూపులు దగ్గర పడుతున్నాయి, పాపిడి వెడల్పవుతోందని ఆమె దిగులు. అడిగితే ఆ అమ్మాయికి బహిష్టు మూడు నాలుగు నెలలకొకసారి గాని రావడం లేదు. గడ్డంమీద మొటిమలు, నూగు వెంట్రుకలు. ఇది అండాశయాలకు సంబంధించిన పి.సి.ఓ.ఎస్. ఇందులో పురుష హార్మోనులు కొంచెం ఎక్కువై, ముఖంమీద రోమాలు మొలిపిస్తూ, నడినెత్తిన జుట్టును పలచబరుస్తాయి. నుదుటి అంచు చాలావరకు నిలుస్తుంది. ఆ తల్లికి పాపిడి కనబడింది గాని, ముందుముందు మధుమేహం రాగల అవకాశం కనబడలేదు. తిండి అదుపు, నడక, అవసరమైన మందులు తలకంటె ముందు ఒంటికోసం కావాలి.

రక్తహీనత కూడా మరువరాదు. అధికంగా బహిష్టయ్యేవాళ్ళు, అందరికీ వడ్డించి చివర మిగిలింది తినేవాళ్ళు ఇనుము లోపంతో ఉంటారు. ఇక మనవాళ్ళు పేనుకొరుకుడు అనే రూపాయిబిళ్ళంత నున్నని మచ్చ వేరు. అందులో పేను తప్పేమీ లేదు. శరీరంలోని రక్షణకణాలే పొరపాటున కుదుళ్ళమీద పడతాయి. దానికి వైద్యం వేరుగా ఉంది.

జుట్టు రాలడం ఆరు నెలలు దాటినా, పాపిడి వెడల్పవుతున్నా, బహిష్టు తప్పుతున్నా, నీరసం వదలకపోయినా డాక్టరుకు చూపించండి. హెమోగ్లోబిన్, ఫెరిటిన్, టి.ఎస్.హెచ్. పరీక్షలు చాలా సంగతులు చెబుతాయి. జుట్టుకని బయోటిన్ మాత్రలు వాడేవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. అవి థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలవు. మినాక్సిడిల్ అనే పూతమందు కొందరికి మేలు చేస్తుంది గాని, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడరాదు. మిగిలినవాళ్ళు కూడా డాక్టరును అడిగాకే వాడాలి. నూనె రాసుకోవడం మంచిదే, వెంట్రుక మెత్తబడుతుంది. లోపలి లోటును మాత్రం అది పూడ్చలేదు.

నా సంగతంటారా? మూడు నూనెసీసాలూ మా పనిమనిషికి ఇచ్చేశాను. వేళకు తిన్నాను, నిద్రపోయాను, అమ్మను తలుచుకుని ఏడవవలసినంత ఏడ్చాను. దీపావళినాటికి నుదుటి దగ్గర పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని లేచాయి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కనుక మళ్ళీ జడకు అందేదాకా ఓపిక పట్టవలసి వచ్చింది.

ఇప్పుడెవరైనా పొట్లం విప్పితే నవ్వను. కూర్చోబెట్టి, ముందు ఒంటి సంగతులన్నీ అడుగుతాను. ఆ తరవాత, "మూడు నెలల కిందట మీ ఇంట్లో ఏం జరిగిందమ్మా?" అంటాను. చాలామంది జవాబు చెప్పేముందు పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంటారు.