బిస్కెట్ల డబ్బాలో తుపాకీ

ఇవాళ మెట్రోలో పక్క సీటమ్మాయి పుస్తకం చదువుతూ పకపకా నవ్వేసింది.
అట్ట చూద్దును కదా, జానెట్ ఇవనోవిచ్ 'వన్ ఫర్ ద మనీ'! 1994 నాటి నవల. ప్రాణం లేచొచ్చింది.

న్యూజెర్సీ, ట్రెంటన్‌లో స్టెఫనీ ప్లమ్. లోదుస్తుల కంపెనీలో ఉద్యోగం పోయింది. బెయిల్ ఎగ్గొట్టినవాళ్లను పట్టుకొచ్చే పనిలో దిగింది.
తుపాకీ ఉండేదేమో బిస్కెట్ల డబ్బాలో. కార్లు తగలబడుతుంటాయి. వాళ్ల మజూర్ అమ్మమ్మ శవాల్ని చూడ్డానికి సినిమాకెళ్లినంత హుషారుగా బయల్దేరుతుంది!

షెర్లాక్‌ని చూస్తే అబ్బురం. స్టెఫనీ మీద మాత్రం ప్రేమే.
హడలిపోతుంది, దెబ్బలు తింటుంది, అయినా మర్నాడు మళ్లీ వెళ్లి అదే తలుపు కొడుతుంది. అద్దె కట్టాలి కదా మరి! ఆ మొండి ధైర్యం నాకెంతిష్టమో.

తెలుగులో ఇలాంటి హీరోయిన్ ఉన్న డిటెక్టివ్ నవల ఏదైనా ఉందా?
పేరు చెప్పండి, వెంటనే మొదలెట్టేస్తా.