ఐరేని కుండ ఎన్నేళ్ళ నాటిది?

మాది బాన్సువాడ అంటే ఆఫీసులో సగం మందికి తెలీదు. నిజాంసాగర్ దగ్గర అంటే అప్పుడు "ఓహో" అంటారు. 2016 దాకా నిజామాబాద్ జిల్లా, ఇప్పుడు కామారెడ్డి జిల్లా. సరే, ఊరి సంగతి పక్కన పెట్టి కుండల సంగతికొద్దాం.

మన ఐటీ జనాల్లో కొందరికి పాత సామాన్ల సరదా ఉంది. ఇత్తడి బిందెలయ్యాయి, ఊరగాయ జాడీలయ్యాయి, ఇప్పుడు రంగులేసిన పాత మట్టికుండల మీద పడ్డారు. టీవీ పక్కన ఒక కుండ, దాని మీదకో చిన్న లైటు. బాగానే ఉంటుంది లెండి. నాకు పేచీ అల్లా వాళ్ళు మొదట అడిగే ప్రశ్నతోనే: "ఇది ఎన్నేళ్ళ నాటిది?"

పింగాణీకైతే ఆ ప్రశ్న సరిపోతుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ గది చూసే ఉంటారు. అలాంటి వాటికి చాలావరకు అడుగున తయారీదారు ముద్ర ఉంటుంది, రంగు కూడా కొలిమిలో కాలి గట్టిపడి ఉంటుంది. రెండొందలేళ్ళయినా కడిగి తుడిచి పెట్టుకోవచ్చు. మన కుండకు ముద్రా లేదు, రంగు కాల్చడమూ లేదు.

మా వైపు చేత్తో రంగులు దిద్దే కుండలంటే ముందు చెప్పాల్సింది ఐరేని కుండలే. ఆంధ్ర వైపు అరివేణి అని కూడా అంటారు. పెళ్ళికి ముందు ఇంటి ఆడవాళ్ళు మేళంతో కుమ్మరి ఇంటికి వెళ్ళి, సారెకు పసుపు కుంకుమ పెట్టి, బియ్యం, రవికెగుడ్డ, డబ్బులు ఇచ్చి, ఆ కుండలు నెత్తిన పెట్టుకుని తెస్తారు. తెల్ల గీతలకు సున్నం, ఎరుపుకు జాజు, పచ్చకు పసుపు. సారె మీద కూర్చునేది మగవాళ్ళు, మా ఊళ్ళో గీతలు గీసేది మాత్రం ఆడవాళ్ళే. ఆ గీతలన్నీ ఆవంలోంచి కుండ బయటికొచ్చాక వేసేవి. అంటే తడి గుడ్డ పెట్టి గట్టిగా తుడిస్తే పోతాయి.

ఇక్కడో చిత్రం చెప్పాలి. 1947లో మార్టిమర్ వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్వకాలు జరిపినప్పుడు ఎర్రటి పూత, తెల్ల గీతలు ఉన్న పెంకులు దొరికాయి. శాతవాహనుల కాలం నాటి ఆ రకం కుండలకు ఆంధ్రా వేర్ అనే పేరు కూడా ఉంది. గీతలు ముందే గీసి తర్వాత కాల్చారు కాబట్టి సుమారు రెండు వేల ఏళ్ళ తర్వాత కూడా కనిపిస్తున్నాయి. మా నాన్నమ్మ పెళ్ళి కుండ మీద గీతలు మాత్రం ఆవిడ ఉండగానే పోయాయి. పెళ్ళయ్యేదాకా నిలిస్తే చాలనుకుని వేసిన రంగులవి.

అయినా పాతది కావాలంటారా, చూసే పద్ధతి ఉంది. మొదట కుండను తిరగేయండి. పాతకాలం కుండకు మూతి సారె మీద, ఒళ్ళు చెక్కతో కొట్టి చేస్తారు. లోపలి నుంచి రాయి ఆనించి కొడతారు కాబట్టి లోపల చెయ్యి పెడితే చిన్న చిన్న గుంటలు తగులుతాయి. అడుగు గుండ్రంగా ఉంటుంది, కుదురు లేకుండా నిలబడదు. అడుగు చదునుగా ఉండి టేబుల్ మీద బుద్ధిగా కూర్చుందంటే అది షోకేసు కోసం పుట్టిందేమోనని అనుమానించండి. తర్వాత, ఎవరికీ కనపడని చోట వేలు తడిపి రుద్దండి. సున్నమైతే వేలికి తెల్లగా అంటుతుంది, ఎనామిల్ పెయింటు అంటదు. నల్ల మచ్చ ఉంటే అదీ రుద్దండి. ఆవంలో పడ్డ మచ్చ రాదు, పొయ్యి మసి వస్తుంది. ఐరేని కుండ పొయ్యెక్కదు, కాబట్టి మసి ఉంటే అమ్మేవాడు చెప్పే కథలో ఏదో తేడా ఉన్నట్టే. ఒక ఎగ్జిబిషన్‌లో టీ డికాషన్ పూసి ముసలిదాన్ని చేసిన కుండ చూశాను. పాపం, మూతి దగ్గర టీ వాసన ఇంకా పోలేదు :)

అన్నిటికంటే నమ్మకమైన గుర్తు కూరాడు కుండ మీద దొరుకుతుంది. కూరాడంటే ఇంట్లో ఓ మూల పెట్టి, గంజి, బియ్యం కడుగు పోసి పులియబెట్టే కుండ. పెద్దల పేరున దానికి మొక్కుతారు. మా ఇంట్లో పండగ పండగకీ దానికి సున్నం, జాజు పెట్టేవాళ్ళు. పాత పూత మీదే కొత్త పూత. అంచు దగ్గర పెచ్చు ఊడిన చోట చూస్తే తెలుపు, ఎరుపు, తెలుపు, ఎరుపు పొరలు వరసగా కనిపిస్తాయి. మన భాషలో చెప్పాలంటే వర్షన్ హిస్టరీ. ఎవడూ దొంగగా సృష్టించలేడు, అంత ఓపిక ఎవడికుంది? ఇలాంటి దాన్ని నీళ్ళతో కడిగినా, మెరవాలని వార్నిష్ కొట్టినా పోయినట్టే. మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి, అంతే.

మా పాత ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఈ కూరాడు గురించే ఇంట్లో గొడవైంది. పాత సామాన్లు కొనే మనిషి వచ్చి రెండు వేలు ఇస్తానన్నాడు. ఇచ్చేద్దాం అన్నాడు చిన్నాయిన. చెరువులో కలుపుదాం అంది అమ్మ. హైదరాబాద్ తీసుకెళ్తానన్నాను నేను.

"తీస్కపోయి ఏం జేస్తవ్‌రా? దినాం గంజి పోస్తవా దాంట్ల?" అంది అమ్మ.

మా ఫ్లాట్లో అన్నం కరెంటు కుక్కర్లో. గంజి వంచడమనేదే లేదు. నా దగ్గర జవాబు లేదు. చివరికి అది ఊళ్ళోనే పిన్ని వాళ్ళింటికెళ్ళింది. అక్కడ ఇంకా గంజి వంచుతారు. పెచ్చు ఊడిన అంచును మాత్రం నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకున్నాను. పొరలు పదకొండు దాకా లెక్క తేలాయి, ఆ కింద అన్నీ కలిసిపోయాయి.

అన్నట్టు, అమెరికా మిత్రులకో మాట. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన పాత వస్తువులను దేశం దాటించకూడదు. వందేళ్ళు బతికిన ఐరేని కుండ నేనైతే చూళ్ళేదు గానీ, అమ్మేవాడు "నూటేభై ఏళ్ళదండీ" అంటే మాత్రం ఒకటే ఆలోచించుకోండి. వాడు చెప్పేది నిజమైతే మీరు తీసుకెళ్ళకూడదు, అబద్ధమైతే కొనకూడదు.

నన్నడిగితే వెతకాల్సింది గీత గీసే చేతిని. మా దగ్గర సున్నం, జాజుతోనే దిద్దే అవ్వ ఒకావిడ ఉంది. కోడళ్ళు డబ్బా రంగులు వాడతారు, త్వరగా అవుతుందని. పోయిన నెల వెళ్ళి, "అవ్వా, అయిదు ఐరేని కుండలు కావాలె, పాత పద్ధతిల" అన్నాను.

"ఎవరి పెండ్లి బిడ్డా?"

పెళ్ళేం లేదు, ఇంట్లో పెట్టుకోడానికి అన్నాను. నీళ్ళకు కుండ కావాలంటే ఇస్తనంది. పెండ్లి లేకుండ ఐరేని రాయనంది. ఎక్కువిస్తానన్నా వినలేదు. కూర్చోబెట్టి చాయ్ మాత్రం ఇచ్చింది.

మాఘంలో మా చిన్నాయిన కూతురి పెళ్ళి ఉంది. బయానా ఇచ్చొచ్చాను. ఆవిడ గీసేటప్పుడు పక్కన కూర్చుని వీడియో తీసుకుంటానంటే, "తీస్కో, గని అడ్డం రాకు" అంది.